తేలూరు అంగడిలో వియ్యాలవారి పాట

చిట్టా 1

అంగడి సేవా నియమావళి ప్రకారం ప్రతి పరిశీలకుడూ పని ముగిశాక తన మనసులో ఏం మెదిలిందో ఇక్కడ రాసి పెట్టాలి. ఏమీ మెదలని రోజున "ఏమీ మెదలలేదు" అని రాసి సంతకం చేయాలి. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన సర్వీసంతా ఆ ఒక్క వాక్యంతోనే నెట్టుకొచ్చి, శాలువా కప్పించుకుని మరీ దిగిపోయాడు. నేను సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి గనక కొంచెం ఎక్కువ రాస్తాను. చదివే యంత్రం క్షమించాలి.

పేరు భానోజీ. ఉద్యోగం తేలూరు అంగడిలో యాప్‌ల పరిశీలన. పొద్దున్నే లేచి కిటికీ అద్దం మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. చెవిలో రెండు చుక్కలు కొబ్బరినూనె వేసుకుని మాట వినిపించే పూస పెట్టుకున్నాను. పూస లేకపోతే తేలూరులో బతకలేం. ఊరు తెప్పలు తెప్పలుగా సముద్రం మీద తేలుతోంది, గాలిమరల కరెంటుతో బతుకుతోంది, ఆ మరల కిందే పడుకుంటోంది. నోట్లోంచి వచ్చిన మాట పక్కవాడి చెవి చేరేలోపే మరల హోరులో కొట్టుకుపోతుంది. పూస ఉంటే ఇద్దరు మాట్లాడుకోవచ్చు. పదిమంది కలిసి ఒకే మాట వినాలంటే మాత్రం యాప్ కావాలి. యాప్ కావాలంటే అంగడికి రావాలి. అంగడికి వస్తే నేనుంటాను. ఈ చివరి మూడు వాక్యాలూ రాస్తుంటే ఛాతీ కొంచెం ఉబ్బింది. నియమావళి అడిగింది గనక దాచకుండా రాశాను.

ఇవాళ వచ్చిన వాటిలో ఒకదాని పేరు "ఎదురుకోలు". తయారుచేసినామె గరికిన దానమ్మ, తూర్పు తెప్పలో నాచు ఆరబెట్టే మనిషి. యాప్‌లు కట్టే యంత్రానికి నోటితో చెప్పి కట్టించుకుందట. తెరవగానే "మీరు ఎవరి తరఫు?" అని అడిగింది. పెళ్ళికూతురు వారు, పెళ్ళికొడుకు వారు అని రెండు మీటలు. పరిశీలకులకు ఏ యాప్‌లోనైనా పక్కదారి ఉంటుంది గనక నేను ఏదీ నొక్కకుండా లోపలికి వెళ్ళాను.

లోపల పాటలున్నాయి. పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ ఒకరినొకరు ఆడిపోసుకునే పాటలు. దానమ్మే పాడి నమూనా పెట్టింది:

"పడమటి తెప్ప వియ్యపురాలు పట్టుచీర కట్టింది
కట్టింది సరే గానీ కొంగెవరిదో అడగండి."

నవ్వాను. నవ్వాక నిబంధన ఏడు గుర్తొచ్చింది. పేరుపెట్టి గానీ వేలెత్తి చూపి గానీ ఒకరిని వెక్కిరించే యాప్ అంగడిలో ఉండరాదు. ఈ యాప్‌లో ఇంకో విచిత్రం ఉంది. ఒక పక్కవాళ్ళు పాట వేశాక, ఎదుటి పక్క బదులు పాడేదాకా యాప్ రెండో పాట తీసుకోదు. దీన్ని "బలవంతపు సంభాషణ, వినియోగదారుడి స్వేచ్ఛకు భంగం" అని రాసుకున్నాను. ఆ మాట నాకే బాగా నచ్చింది.

తిప్పి పంపేటప్పుడు ఒక ప్రకటన రాయాలి. అది మర్నాడు పొద్దున ఊళ్ళో అందరి పూసల్లోనూ వినబడుతుంది. అంగడి ప్రకటనలకు అంగడి నిబంధనలు వర్తించవు. అందుకే మిగతా పరిశీలకులు రెండు ముక్కలతో సరిపెడితే నేను కలం ఝళిపిస్తాను. ఇవాళ్టిది ఇదీ:

"ఎదురుకోలు, దరఖాస్తుదారు గరికిన దానమ్మ. నిబంధన ఏడు ప్రకారం తిరస్కరించడమైనది. ఇకపోతే కంఠం. పరిశీలకుడు శ్రద్ధగా విన్నాడు. ఈ యాప్ అంగడి అరలోకి వస్తే ప్రజలు ప్రశాంతత కోసం గాలిమరల కింద తలదాచుకునే ప్రమాదం ఉంది. మరలకు పెట్టే గ్రీజులో కొంత ఈ గొంతుకు కేటాయించవలసిందిగా ఇంజినీరింగ్ శాఖకు సిఫారసు చేయడమైనది."

మనసులో మెదిలింది: ఆనందం.

చిట్టా 2

ఊరు ఊగిపోయింది. అలలకు కాదు, నా ప్రకటనకు.

పడవ రేవులో ఇద్దరు ముసలాళ్ళు ఒకరి గొంతు ఒకరు పట్టుకుని "గ్రీజు, గ్రీజు" అనుకుంటున్నారు. మంచినీళ్ళ వరుసలో ఎవరో పొలమారి దగ్గితే వెనకవాడు "సిఫారసు పంపించమంటావా" అన్నాడు. ఇంజినీరింగ్ శాఖవాళ్ళు నిజంగానే ఒక చిన్న డబ్బా గ్రీజు రిబ్బను కట్టి అంగడికి పంపారు. అంగడి పెద్ద కామేశం గారు దాన్ని నా బల్ల మీద పెట్టి, "నిబంధనలు వినిపిస్తే జనం పూస తీసేస్తారయ్యా. నువ్వు వినిపిస్తుంటే చెవి దగ్గరికి నొక్కుకుంటున్నారు" అన్నారు.

ఇంటికొస్తూ దారంతా తల వంచుకునే నడిచాను. వినయం వల్ల కాదు. మెడ నిటారుగా పెడితే నవ్వు దాగదు.

చిట్టా 4

దానమ్మ అంగడి కిటికీ దగ్గరికి వచ్చింది. చేతుల మీద నాచు పచ్చదనం ఇంకా ఆరలేదు. నేను ఊహించుకున్న మనిషి లావుగా, కయ్యానికి కాలు దువ్వుతూ ఉంటుంది. వచ్చినామె సన్నగా ఉంది. పూసలో మాట్లాడుతుంటే గొంతు, ఇలా రాయడానికి చెయ్యి రావడం లేదు, బాగానే ఉంది. కొంచెం బొంగురు, అంతే.

"నువ్వేనేటి బావూ భానోజీ?"

"నేనేనండీ."

"పిల్లడివే. నానింకా మీసాలాయన అనుకున్నాను."

తన మేనకోడలు కనకరత్నం పెళ్ళి వచ్చే పున్నమికి అని చెప్పింది. పిల్లవాడిది పడమటి తెప్ప. రెండు తెప్పల మధ్యా వంతెన పడ్డాక ఇదే మొదటి వియ్యం. పెళ్ళిలో ఎదురుకోలు పాటలు లేకపోతే ఎలాగని యాప్ కట్టించింది.

"మనూళ్ళు నీట మునగకముందు మా అమ్మ పాడేది. ఇక్కడికొచ్చినాక మరల కింద నోరిప్పితే ఎవులికినబడతాది? అందుకే నీ కాడికొచ్చినాను. కాదన్నావు. కానీలే, నీ అంగడి నీ ఇష్టం. ఒకటడుగుతాను సెప్పు. నా గొంతు మీద నువ్వన్న మాట ఊరందరికీ ఇనబడింది. నానేటన్నానో ఏడ ఇనబడాలి?"

నేను చాలా గంభీరంగా "అప్పీలు చేసుకోవచ్చండీ" అన్నాను.

"అదెవులు సూస్తారు?"

"నేనే."

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి నవ్వింది. కోపం లేదు ఆ నవ్వులో. "అయితే నువ్వు బాగున్నావు బావూ" అని వెళ్ళిపోయింది. వెనక వరుసలో ఎవరో పెదాలతో "గ్రీజు" అన్నారు. శబ్దం రాకపోయినా ఆ మాట ఇప్పుడు ఊళ్ళో అందరూ పెదాలు చూసి పోల్చుకుంటున్నారు. దానమ్మ కూడా పోల్చుకుంది.

అప్పీలు సాయంత్రానికల్లా నా బల్ల మీదకు వచ్చింది. తర్వాత చూద్దామని పక్కన పెట్టాను. పైన ఆ గ్రీజు డబ్బా పెట్టాను, కాగితం ఎగిరిపోకుండా. ఆ పని చేశాక చేసిందేమిటో కనబడింది. డబ్బా తీసి సొరుగులో వేశాను.

చిట్టా 5

మెహర్ నా పక్క బల్ల. ఆటల యాప్‌లు చూస్తుంది. నా ప్రకటనలకు మొదట నవ్వేది ఆమే. ఈసారి నవ్వలేదని ఇవాళే గమనించి కారణం అడిగాను.

"నిబంధన ఏడు ఎందుకు పుట్టిందో తెలుసా నీకు?" అంది.

"తెలుసు. 'కుండబద్దలు' అనే యాప్ వచ్చింది, ఎవరో టీచరుగారిని ఊరంతా ఆడిపోసుకున్నారు, ఆవిడ బడి మానేసింది."

"ఆ టీచరుగారు మా అక్క."

నేను ఉద్యోగం పరీక్షకు చదివి మార్కులు తెచ్చుకున్న ఉదాహరణకు ఒక చెల్లెలు ఉంటుందని, ఆ చెల్లెలు రోజూ నాకు టీ పోస్తుందని నాకు తోచలేదు.

"అయితే నేను చేసింది సరైనదేగా మెహర్? వెక్కిరింపుల యాప్ ఆపాను."

"యాప్ ఆపావు. వెక్కిరింపు ఆపలేదు. అక్క రెండేళ్ళ తర్వాత మొన్నీమధ్యే పూస పెట్టుకుంది. ఆ రోజు పొద్దున నీ ప్రకటన విని, బయట జనం నవ్వడం చూసి, తీసి డబ్బాలో పెట్టేసింది. ఎవరో దానమ్మ గురించి అని చెప్పాను. 'నన్ను అన్నప్పుడు కూడా జనం ఎవరో ఒకామె గురించేగా అనుకునే నవ్వారు' అంది."

"మరి దానమ్మ యాప్ కూడా అలాంటిదే కదా."

"కాదు. దాంట్లో ఎదుటివాళ్ళని చూసి నవ్విన మనిషి, తనని చూసి వాళ్ళు నవ్వుతుంటే కూర్చుని వినాలి. మా అక్కని అన్నవాళ్ళ ముఖాలు మాకు ఇప్పటికీ తెలీవు." మెహర్ తన తెర వైపు తిరిగింది. "పాట వేస్తే బదులు వచ్చేదాకా ఆగాలంట. నువ్వు చదివావా అసలు?"

చదివాను. చదివి దానికి పేరు కూడా పెట్టాను. బలవంతపు సంభాషణ.

చిట్టా 6

ఏమీ మెదలలేదు.

(సంతకం) భానోజీ

చిట్టా 7

నిన్నటిది అబద్ధం. సంతకం మాత్రం నాదే.

అప్పీలు ఇంకా బల్ల మీదే పక్కన పడి ఉంది. ఒప్పుకుని అరలో పెట్టాలంటే మార్గం ఒక్కటే. పరిశీలకుడు "నేను పొరబడ్డాను" అని ప్రకటన ఇవ్వాలి, అది అందరి పూసల్లోనూ వినబడాలి. అంగడి పుట్టాక ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఆ రెండు మాటలు రాయడానికి కూర్చుంటే, ఊరంతా నవ్వుతూ నన్ను తలచుకుంటున్న ఈ వారం పోతుందన్న దిగులు పట్టుకుంది. ఇంకో వారం ఆగితే మాత్రం ఏం, అనుకున్నాను. పున్నమి ఎప్పుడో చూసుకోలేదు. చూసుకోకూడదనే చూసుకోలేదు.

చిట్టా 9

పెళ్ళికి వెళ్ళాను. మగపెళ్ళివారే పిలిచారు. పెళ్ళికొడుకు మేనమామ అంగడికి స్వయంగా వచ్చి, "తవరు రావాల. తవరి మాటంటే మావోళ్ళకి ప్రాణం" అని బొట్టు పెట్టాడు. పిలుపు సంతోషంగానే అందుకున్నాను. అదీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

వంతెన మధ్యలో పందిరి. అటు తూర్పు తెప్ప, ఇటు పడమటి తెప్ప. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఎదురుకోలు వేళ అయింది. రెండు వైపుల ఆడవాళ్ళూ ఎదురెదురుగా నిలబడ్డారు. పానకం బిందెలు చేతికిచ్చి పుచ్చుకున్నారు. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. అక్కడ పాట ఉండాలి. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నెత్తిన మరలు తిరుగుతున్నాయి.

మేనమామకు ఆ వెలితి నచ్చలేదు. చెడ్డవాడు కాడు. నలుగురూ నవ్వకపోతే అన్నం సహించని మనిషి. అందరి పూసల్లోకీ ఆయన గొంతు వచ్చింది. పందిరికి ఒక్క పూట కోసం ఇచ్చే యాప్ అది. తాళి, భోజనాల పిలుపుల్లాంటి నాలుగు మాటలు చెప్పడానికి, అంగడి ఇదివరకు వినిపించినవి మళ్ళీ వినిపించడానికి మాత్రమే పనికొస్తుంది.

"వియ్యపురాల్ని ఓ మాట అనకపోతే పెళ్ళేటి, పేరంటమేటి? మాకు పాటలు రావు గానీ, అంగడోళ్ళు పర్మిషనిచ్చిన సరుకొకటుంది. ఇనుకోండి."

నా ప్రకటన. నేను రాసింది, అంగడి యంత్రం గొంతులో. ఇకపోతే కంఠం. పరిశీలకుడు శ్రద్ధగా విన్నాడు.

పడమటి తెప్ప మొత్తం నవ్వింది. నా పక్కాయన నా తొడ మీద చరిచాడు. గ్రీజు దగ్గరికి వచ్చేసరికి తూర్పు తెప్ప పిల్లలు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. వాళ్ళ అమ్మలు నెత్తిన మొట్టారు. నేను కూడా నవ్వాను. అలవాటు చొప్పున, నా సొంత సరుకు కదా అని నోరు దానంతటదే తెరుచుకుంది.

అందరూ దానమ్మ వైపు చూశారు. ఇప్పుడు ఆమె వంతు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పాటలు మరచిపోయిన వాళ్ళకు కూడా వంతులు గుర్తున్నాయి.

దానమ్మ కొంగు నడుముకు బిగించి ఒక అడుగు ముందుకు వేసి పాడింది.

ఏమీ వినబడలేదు. పందిరి యాప్ కొత్త పాట తీసుకోదు, అది నడుస్తున్నంతసేపూ పూసల్లోకి ఇంకే గొంతూ రాదు. ఆమె మెడ నరాలు తేలాయి. చెయ్యి గాల్లో లేచి మేనమామ తలపాగా వైపు తిరిగింది, ఆ పాట దేని మీదో అర్థమైంది, మాట మాత్రం ఒక్కటీ అందలేదు. చరణం అయ్యాక రెండో చరణం ఎత్తుకుంది. తూర్పు తెప్ప ఆడవాళ్ళు ఆమె పెదాలు చూస్తూ వెనక వంత పాడారు. అంతమంది నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. పైన మరల హోరు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. మేనమామ ముఖంలోనూ నవ్వు పోయింది. పాపం, ఆయన చెవి ముందుకు పెట్టి, కళ్ళు చిట్లించి, తన మీద పాటను వినడానికి నిజంగా ప్రయత్నించాడు. పెళ్ళికూతురు కనకరత్నం తలెత్తి నా వైపు చూసింది. శాలువా కప్పుకున్నవాడే భానోజీ అని ఆమెకు ఎవరో చెప్పే ఉంటారు.

దానమ్మ పాట పూర్తిగా పాడింది. మధ్యలో మానలేదు. అయ్యాక నీళ్ళు తాగి, వడ్డనకు వెళ్ళిపోయింది. నా విస్తట్లోకి పులుసు ఆమే వేసింది. చాలా, ఇంకొంచెం వెయ్యనా అని చేత్తోనే అడిగింది.

శాలువా వంతెన మీద వదిలి వచ్చాను. ఎవరో పరుగెత్తుకొచ్చి మళ్ళీ చేతికిచ్చారు.

చిట్టా 10

ప్రకటన రాశాను. మొదటి ప్రతి చాలా బాగా వచ్చింది. నన్ను నేను వెక్కిరించుకుంటూ, చివర మళ్ళీ గ్రీజు తీసుకొచ్చాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. నవ్వొచ్చింది గనక చింపేశాను. ఆ చమత్కారానికి కూడా నవ్వేది నన్ను చూసే, మెచ్చుకునేది నన్నే.

రెండో ప్రతి: "ఎదురుకోలు యాప్ విషయంలో నేను పొరబడ్డాను. నిబంధన ఏడును తప్పుగా వాడాను. గరికిన దానమ్మ గారి గొంతు గురించి నేను రాసింది వెక్కిరింపు. ఆమెకు బదులు చెప్పే వీలు లేకుండా చేసి మరీ వెక్కిరించాను. భానోజీ."

కామేశం గారు చదివి కళ్ళజోడు తీశారు.

"ఏమయ్యా, ఇదేంటి? కావాలంటే నిబంధనకి సవరణ చేద్దాం. రెండు పక్కలా ఒప్పుకుని, బదులుకి వీలుంటే అనుమతి అని. యాప్ వస్తుంది, ఆవిడ సంతోషిస్తుంది. ఎవరూ పొరబడలేదు, నిబంధన ఎదిగింది."

"సవరణ చేయండి సార్. ఇది కూడా వెళ్ళనివ్వండి."

"రేపట్నుంచి నీ ప్రకటన విని ఎవడూ నవ్వడు."

"అందుకే సార్."

చాలా గొప్పగా అన్నాననుకున్నాను. ఆ అనుకోవడం కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను.

చిట్టా 12

ప్రకటన వెళ్ళింది. ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. రేవులో ముసలాళ్ళు నన్ను చూసి వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. యాప్ అరలోకి వచ్చింది.

తూర్పు తెప్పకు వెళ్ళాను. దానమ్మ తాళ్ళ మీద నాచు ఆరేస్తోంది. పెళ్ళయిపోయింది, ఆ పాట ఇక ఎవరూ వినలేరు, అది నాకు తెలుసు. అందుకే దారిలో ఒక పథకం వేసుకున్నాను. ఊరందరి ముందూ ఆవిడ నా మీద ఒక పాట కట్టాలి. చెడామడా కట్టాలి. నా జుట్టు, నా పట్టా, నా కలం, ఏదీ వదలకూడదు. నేను నిలబడి వింటాను. లెక్క సరిపోతుంది.

"నా మీద ఒక పాట పాడండి అత్తా" అన్నాను.

ఆమె చేతిలో నాచు పట్టుకునే నా వైపు తిరిగింది.

"అత్తనా? ఎప్పట్నుంచేటి?"

చనువుగా ఉంటుందని నోటికొచ్చింది.

"నీ పెకటన ఇన్నాను. మంచిదే. మగోడివై తప్పుని తప్పని సెప్పీసినావు, అందరూ సెప్పరు." మళ్ళీ నాచు పరుస్తూ మాట్లాడింది. "పాటంటే ఏటనుకున్నావు బావూ? కోపమొచ్చినోళ్ళ మీద పాడీదనుకున్నావేటి? కోపమొస్తే తిడతాం. పాట వియ్యపోళ్ళకి. రేపట్నించి మన ఆడగుంట ఆళ్ళ కుండలో కూడు తింటాది, ఆళ్ళు మన గుమ్మం తొక్కుతారు, అందుకని ముందే ఓ మాటనీసి, ఓ మాట పడీసి కలిసిపోతాం. నీకూ మాకూ ఏటుంది కలవడానికి?"

"నన్ను అనండి చాలు. పడతాను."

"పడతావు. పడీసి తేలికై ఇంటికెళ్ళిపోతావు." కోపం లేదు ఇప్పుడు కూడా. అదే భరించలేకపోయాను. "నీ మీద నాకు పాట రాదు బావూ. కుర్సో, మజ్జిగ తాగెల్లు."

కూర్చున్నాను. మజ్జిగ తాగాను. ఉప్పు సరిపోయింది.

చిట్టా 15

ఊరంతా ఎదురుకోలు. పెళ్ళి లేకపోయినా రెండు తెప్పలూ సాయంత్రాలు పాటలు విసురుకుంటున్నాయి. మేనమామ తలపాగా మీద దానమ్మ మళ్ళీ పాడిందట, ఈసారి అందరికీ వినబడేలా. ఆయన పడీ పడీ నవ్వి, రాగం లేకుండా బదులు పాడాడట. కామేశం గారి మీద కూడా ఒకటి వచ్చిందని మెహర్ పాడి వినిపించింది:

"అంగడి పెద్ద కామేశానికి ఆకు చాలదంట
రెండాకులు కలిపి కుట్టి విస్తరెయ్యండి."

ఆయన పొద్దుట్నుంచి అందరికీ అదే చెప్పుకుంటూ తిరుగుతున్నారు, జ్ఞానపీఠం వచ్చినట్టు.

"మీ అక్క?" అని అడిగాను.

"పూస ఇంకా డబ్బాలోనే ఉంది. డబ్బా మాత్రం వంటింట్లోకి తెచ్చిపెట్టుకుంది."

ఇంకో ప్రశ్న అడగకూడదనుకుంటూనే అడిగాను. మెహర్‌కు ప్రశ్న ముందే తెలిసినట్టుంది.

"వెతికాను భానోజీ. నీ మీద ఏమీ లేదు."

చిట్టా 16

పనయ్యాక ఇంటి మెట్ల మీద కూర్చుని, పరిశీలకుడిగా కాకుండా మామూలు మనిషిగా ఎదురుకోలు తెరిచాను.

"మీరు ఎవరి తరఫు?"

రెండు మీటలే ఉన్నాయి. పక్కదారి లేదు. మగపెళ్ళివారు నాకు శాలువా కప్పారు. ఆ మీట నొక్కితే వెంటనే రానిస్తారు. వేలు అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. పెళ్ళికూతురు వారు అన్నది నొక్కాను.

"మీరు మావాళ్ళేనని గరికిన దానమ్మ చెప్పాలి. బదులు వచ్చేదాకా ఆగండి" అంది యాప్.

మళ్ళీ నొక్కాను. తీసుకోలేదు. బదులు రాకుండా రెండోది తీసుకోదు. దీనికి నేను ఒక పేరు కూడా పెట్టాను.

ఎదురింటి మెట్ల మీద ఒక కుటుంబం కూర్చుని ఉంది. తాతా, కోడలూ, పిల్లలూ అందరూ ఒక్కసారి నవ్వారు. వాళ్ళ పూసల్లో ఏ పాటో. కోడలు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. నా మీదేనేమోనని ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆమె చూసింది నా వెనక ఆరేసిన బట్టలు ఎగిరిపోతున్నాయని చెప్పడానికి.

లేచి బట్టలు తీశాను. పూస కూడా తీసి కాసేపు చేతిలో పెట్టుకున్నాను. మరలు తిరుగుతున్నాయి.